పని జరగబోయే క్వారీ గోడలో గుడ్లగూబ గూడు: ఏం చేయాలి?

క్వారీ_మేట్ | జనవరి 18, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పల్నాడులో ఒక సున్నపురాయి గనిలో మైనింగ్ మేట్‌గా పనిచేస్తున్నాను. ఇంతకాలం ఇక్కడ చదివి వెళ్లడమే తప్ప ఏమీ రాయలేదు. ఇప్పుడు మీ సలహా అత్యవసరం.

మా గనికి తూర్పున ఒక పాత బెంచి (రాతిలో మెట్టులా తవ్విన భాగం) ఉంది. చాలాకాలంగా అక్కడ పని లేదు. ఫిబ్రవరిలో మళ్లీ డ్రిల్లింగ్ మొదలుపెట్టాలని నిర్ణయించారు. ముందుగా వదులు రాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి రమ్మని నన్ను పంపారు. గోడ సగం ఎత్తులో వాన నీరు కోసిన అర ఒకటి ఉంది. దాని కింద రాతి మీద తెల్లటి చారలు, సున్నం ఒలికినట్టు. నేల మీద బొటనవేలికన్నా లావైన బూడిదరంగు ఉండలు పడి ఉన్నాయి. ఒకదాన్ని విరిచి చూశాను. వెంట్రుకల మధ్య ఎలుక దవడ, పళ్లు ఊడకుండా అలాగే ఉంది. తల ఎత్తి చూస్తే అరలోంచి రెండు నారింజరంగు కళ్లు నన్నే చూస్తున్నాయి. తల మీద కొమ్ముల్లా లేచిన ఈకలు. చాలా పెద్ద గుడ్లగూబ. నేను అంత దగ్గరగా ఉన్నా అది ఎగిరిపోలేదు.

గుడ్లు పెట్టినట్టేనా? ఎంత దూరంలో పని ఆపాలి? యాజమాన్యానికి చెబితే రాత్రికి రాత్రి ఎవరైనా దాన్ని తరిమేస్తారేమోనని భయంగా ఉంది. చెప్పకుండా ఊరుకుంటే ఆ గోడలో రాయి పగలగొట్టే తూటాలు పేలతాయి.

---

గూడు_కాపలా (నిర్వాహకులు) | జనవరి 18, రాత్రి 9:48

ముందుగా ఒక మాట. మీ సందేశంలో ఉన్న మండలం పేరు తీసేశాను. ఫొటోలు కూడా ఇక్కడ పెట్టకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీరు చూసింది రాతి ప్రాంతాల్లో ఉండే కొమ్ముల గుడ్లగూబ. దక్కన్ అంతటా కొండ చరియల్లో, వాగు గట్లలో, పాత క్వారీల్లో ఉంటుంది. పుల్లలతో గూడు కట్టదు. రాతి అరలో మట్టిని కాస్త గోకి, దాని మీదే గుడ్లు పెడుతుంది. మన దగ్గర నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దానికి పిల్లల కాలం. మనిషి దగ్గరికి వచ్చినా లేవలేదంటే గుడ్ల మీద కూర్చుందనే అనుకోవాలి. పొదగడానికి దాదాపు 33 రోజులు పడుతుంది. ఆ తర్వాత కూడా పిల్లలు నెలల తరబడి తల్లిదండ్రుల మీదే ఆధారపడతాయి.

మీరు తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఈ పిల్లలు రెక్కలు రాకముందే నడుచుకుంటూ అర దిగి వచ్చేస్తాయి. కాబట్టి గోడను ఒక్కదాన్నే కాపాడితే సరిపోదు. దాని పాదం దగ్గరి నేల కూడా గూడులో భాగమే.

---

టెలీలెన్స్ | జనవరి 18, రాత్రి 10:15

నేను గుంటూరులోనే ఉంటాను. దూరం నుంచే తీసే లెన్స్ ఉంది, పక్షికి ఏ ఇబ్బందీ కలగదు. చోటు ఎక్కడో విడిగా చెప్పగలరా? మంచి ఫొటోలుంటే యాజమాన్యాన్ని ఒప్పించడం కూడా తేలికవుతుంది.

---

గూడు_కాపలా (నిర్వాహకులు) | జనవరి 18, రాత్రి 10:31

టెలీలెన్స్ గారూ, మీ మీద నమ్మకం లేక కాదు. ఒకరికి తెలిసిన గూడు వారంలో ఇరవై మందికి తెలుస్తుంది. గుడ్లగూబలను క్షుద్రపూజల కోసం పట్టి అమ్మేవాళ్లు దేశమంతటా ఉన్నారు. దీపావళి ముందు ఆ గిరాకీ మరీ పెరుగుతుంది. ఈ జంట ఏటా అదే గోడకు వచ్చే అవకాశం ఉంది కాబట్టి, ఈ ఏడాది బయటపడిన చోటు వచ్చే దీపావళికి ముప్పవుతుంది. యాజమాన్యానికి కావలసిన ఫొటో మేట్ గారి ఫోనుతో దూరం నుంచి తీసినా చాలు. దయచేసి ఇక అడగవద్దు.

---

సెక్షన్_తొమ్మిది | జనవరి 19, ఉదయం 6:50

న్యాయవాదిగా నాకు తెలిసినది చెబుతాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. సెక్షన్ 2లోని నిర్వచనం ప్రకారం అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లనుగానీ గూళ్లనుగానీ కదిలించడం కూడా వేటే. షెడ్యూళ్లలో ఉన్న జీవులను వేటాడడాన్ని సెక్షన్ 9 నిషేధిస్తుంది. 2022 సవరణతో షెడ్యూళ్ల అమరిక మారింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అయినా ఈ మూల సూత్రం మారలేదు. గని లీజు చేతిలో ఉంది కాబట్టి గోడ మాది, గూడు మా ఇష్టం అనడానికి వీల్లేదు.

మేట్ గారూ, మీ భయం అర్థమైంది. అందుకే నోటిమాటగా చెప్పకండి. మైన్ మేనేజరుకు తేదీ వేసి ఉత్తరం ఇవ్వండి, రసీదు ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. గూడు ఉన్న సంగతి తమకు తెలియదని చెప్పే అవకాశం ఆ ఉత్తరంతో పోతుంది. ఆ తర్వాత గూటిని తొలగించే ధైర్యం ఎవరికీ రాదు. అంత పెద్ద గనికి పర్యావరణ అనుమతి ఉంటుంది, దాని షరతుల అమలు మీద ఆరు నెలలకోసారి నివేదిక పంపాలి. ఆ నివేదికలు చూసుకునే ఉద్యోగి ఎవరో తెలుసుకుని ఆయనకూ ఒక ప్రతి ఇవ్వండి. చాలాచోట్ల మేనేజరుకన్నా ముందు కదిలేది ఆయనే.

---

క్రషర్_శ్రమ | జనవరి 19, ఉదయం 8:20

అందరూ పక్షి గురించే మాట్లాడుతున్నారు. నేను క్రషర్ దగ్గర పనిచేసినవాణ్ణి. ఒక ముఖం (రాయి తవ్వే గోడ) మూతపడితే యజమాని ఇంట్లో పొయ్యి ఆరదు. టిప్పర్ డ్రైవరుకు ట్రిప్పు లెక్కన డబ్బు. డ్రిల్లు మీద పనిచేసే కుర్రవాడికి ఎన్ని మీటర్లు తవ్వితే అంత. మూడు నెలలు పని ఆపండి అని ఫోనులో రాయడం తేలిక. ఆ మూడు నెలలూ వాళ్ల పిల్లల ఫీజులు ఎవరు కడతారు? నాకు పక్షి మీద కోపం లేదు. దీనికి సమాధానం చెప్పకుండా వెళితే మాత్రం ఆ గూటికి మొదటి శత్రువులు మా వాళ్లే అవుతారు.

---

బెంచి_ఇంజినీరు | జనవరి 19, మధ్యాహ్నం 1:05

క్రషర్_శ్రమ గారు అడిగినదే అసలు ప్రశ్న. సున్నపురాయి గనుల్లో ప్రణాళికలు వేసే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. దీనికి సమాధానం గనిలోనే ఉంది.

సిమెంటుకు వెళ్లే రాయి ఒకే ముఖం నుంచి రాదు. ఒక బెంచిలో సున్నం శాతం ఎక్కువ, మరోదానిలో తక్కువ, ఇంకోదానిలో సిలికా. వాటిని కలిపి ప్లాంటు అడిగిన నాణ్యతకు తీసుకురావాలి. అందుకే ఏ గనిలోనైనా ఒకేసారి రెండు మూడు ముఖాలు తెరిచి ఉంటాయి. తూర్పు బెంచిని ఫిబ్రవరిలో తెరవాలనుకున్నారంటే అక్కడి రాయి కలపడానికి కావాలి. అదే నాణ్యత రాయి మరో ముఖంలో ఉందా అన్నది చూడాలి. ఉంటే ఆ డ్రిల్లు, ఆ పొక్లెయిన్, ఆ టిప్పర్లు అటు వెళతాయి. ఎవరి ట్రిప్పులూ తగ్గవు. బండ్లు నడిచే దూరం మారవచ్చు, డీజిలు కాస్త ఎక్కువ కావచ్చు. ఆ ఖర్చు యాజమాన్యం భరించాలి, కూలీ కాదు.

కాబట్టి మేనేజరు దగ్గరికి ‘పని ఆపండి’ అని వెళ్లకండి. ‘బెంచి వరస మార్చుదాం’ అని వెళ్లండి. నాణ్యత చూసే కెమిస్టును ముందే కలిసి, తూర్పు రాయికి బదులు ఏది సరిపోతుందో కనుక్కోండి. ఆ కాగితం చేతిలో ఉంటే మాట్లాడడం తేలిక.

ఇక దూరం సంగతి. అన్ని గనులకూ సరిపోయే అంకె ఒకటి లేదు. గూటికి ఎదురుగా కనిపించే పని వేరు, గుట్ట అవతలి పని వేరు. యంత్రాల మోతకు పక్షులు చాలావరకు అలవాటు పడతాయి. గూటికి పైన, అంచు మీద మనిషి నడవడానికి మాత్రం అలవాటు పడవు. ఆపదంతా పైనుంచే వస్తుందని వాటి లెక్క. అందుచేత మొదట ఆపాల్సింది పై అంచు మీద నడక. తర్వాత ఆ గోడలో డ్రిల్లింగ్. మరో ముఖంలో బ్లాస్టింగ్ చేసేటప్పుడు డిలేలు (ఒక పేలుడుకూ మరోదానికీ మధ్య వ్యవధి) పెంచి, ఒక్కసారి పేలే మందు బరువు తగ్గిస్తే నేల అదురు తగ్గుతుంది. ఊరి ఇళ్ల దగ్గర పాటించే పద్ధతే, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

---

ప్రకృతి_ప్రియ | జనవరి 19, సాయంత్రం 4:40

ఇంత తతంగం ఎందుకండీ? గుడ్లను జాగ్రత్తగా తీసి పక్క కొండ మీద మంచి అరలో పెడితే తల్లి అక్కడికే వెళుతుంది కదా? లేదంటే జంతు ప్రదర్శనశాలకు ఇచ్చి పొదిగించవచ్చు.

---

గూడు_కాపలా (నిర్వాహకులు) | జనవరి 19, సాయంత్రం 5:15

వెళ్లదండీ. పక్షి తాను ఎంచుకున్న చోటికి తిరిగి వస్తుంది, మనం ఎంచుకున్న చోటికి కాదు. ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి లేకుండా గుడ్లు ముట్టుకోవడం నేరం కూడా.

చోటు మార్చడం అసలే కుదరదని కాదు. గుడ్లు పెట్టకముందు, పక్షికే ఆ ఎంపిక వదిలేస్తే కుదురుతుంది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున బాటర్సీ విద్యుత్కేంద్రం ఉంది. 1983లో ఉత్పత్తి ఆగిపోయింది. పాడుపడిన ఆ కట్టడంలో పెరిగ్రిన్ డేగలు చేరాయి. పునర్నిర్మాణం మొదలుపెట్టే ముందు వాటికోసం విడిగా ఎత్తైన తాత్కాలిక స్తంభం నిలబెట్టి, పైన గూడుపెట్టె అమర్చారు. డేగలు వాటంతట అవే అక్కడికి మారి పిల్లలను పెంచాయి. 2022 అక్టోబరులో ఆ కట్టడం జనానికి తెరుచుకుంది. చట్టం గట్టిగా ఉండడం వల్లే అది సాధ్యమైంది. అక్కడి 1981 వన్యప్రాణి చట్టం ప్రకారం గూటి దగ్గరి పెరిగ్రిన్‌కు కావాలని కలిగించే ఇబ్బందే కాదు, నిర్లక్ష్యం వల్ల కలిగే ఇబ్బంది కూడా నేరమే.

---

మంచు_ప్రాంతం | జనవరి 20, ఉదయం 7:30

అమెరికాలోని మిన్నెసోటా నుంచి రాస్తున్నాను. విద్యుత్ రంగంలో ఉద్యోగం. ఇక్కడి అనుభవం మేట్ గారికి ధైర్యం ఇస్తుందని చెబుతున్నాను.

డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి, 1960ల మధ్యకల్లా మిసిసిపీ నదికి తూర్పున గూడు పెట్టే పెరిగ్రిన్ జంట ఒక్కటీ మిగల్లేదు. 1972లో డీడీటీని నిషేధించారు. పెంచిన పిల్లలను వదిలారు. అవి వెనక్కి వచ్చినప్పుడు కొండ చరియలతోపాటు విద్యుత్కేంద్రాల పొగగొట్టాలను కూడా ఎంచుకున్నాయి. ఎత్తు ఉంది, నిండా పావురాలు ఉన్నాయి, కంచె దాటి మనుషులు రారు. 1999లో వాటిని అంతరించే జాతుల జాబితా నుంచి తీసేశారు. అందులో పరిశ్రమల పాత్ర చిన్నది కాదు.

ఇక్కడ చేసేది చాలా సాదా పని. పొగగొట్టం చుట్టూ ఉండే నడకదారికి చెక్కపెట్టె బిగిస్తారు. లోపల సన్నటి గులకరాళ్లు పోస్తారు, ఎందుకంటే ఉట్టి ఇనుప పలక మీద గుడ్లు దొర్లుతాయి, వాన నీరు నిలుస్తుంది. పొగగొట్టం మరమ్మతులు గుడ్లు పెట్టకముందు గానీ, పిల్లలు ఎగిరిపోయాక గానీ పెట్టుకుంటారు. ఆ తేదీలు ప్లాంటు వార్షిక మరమ్మతుల పట్టికలోనే ఉంటాయి. పక్షి మీద ఎవరికీ పెద్దగా ఆసక్తి లేకపోయినా సరే, పట్టికలో ఉన్నది కాబట్టి పాటిస్తారు. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా బలమైన రక్షణ. ప్రేమ ఉన్న మేనేజరు బదిలీ అయిపోవచ్చు. పట్టిక మాత్రం ఉంటుంది.

అన్నీ మంచి వార్తలే కావు. చెత్త గుట్టల నుంచి వచ్చే మీథేన్‌ను కాల్చే గొట్టాల మీద చిన్న డేగలు, గుడ్లగూబలు వాలుతాయి. మంట పైకి కనిపించదు. ఒక్కసారిగా రాజుకుంటే ఈకలు మాడిపోయి ఎగరలేక పడిపోతాయి. గొట్టం అంచుకు ముళ్ల కమ్మీలు బిగించి, పక్కనే వాలడానికి ఎత్తైన గుంజ పాతితే ఈ ప్రమాదం తగ్గుతుంది. వద్దని తరమడం కన్నా అవి ఎక్కడ వాలాలో చూపించడం మేలు.

---

33_కేవీ | జనవరి 20, రాత్రి 8:05

లైన్‌మన్‌గా పనిచేస్తాను. మేట్ గారూ, ఆ గోడ దగ్గరికి కరెంటు లైను ఏమైనా వెళుతోందా? పంపుకో, లైట్లకో? ఒక్కసారి చూడండి.

పెద్ద టవర్ల మీద పక్షికి ప్రమాదం తక్కువ. తీగ ఇనుముకు తగలకుండా ఆపే ఇన్సులేటరు దండ పొడవుగా ఉంటుంది, రెక్కలు చాచినా తీగనూ ఇనుమునూ ఒకేసారి తాకలేదు. మా 11 కేవీ స్తంభాల సంగతి వేరు. క్రాస్ఆర్మ్ (స్తంభం మీది ఇనుప అడ్డకమ్మీ) మీద పిన్ను ఇన్సులేటర్లు, తీగ నుంచి ఇనుముకు జానెడు ఎడం. అంత పెద్ద గుడ్లగూబ క్రాస్ఆర్మ్ మీద వాలి రెక్క విప్పితే చాలు. ఎగరడం నేర్చుకునే పిల్లలైతే మరీ. చుట్టూ చెట్టు లేని క్వారీలో అవి మొదట వాలేది ఆ స్తంభం మీదే. ఉదయం ఫీడరు (ఆ ప్రాంతానికి కరెంటు ఇచ్చే లైను) ట్రిప్పయి ఆగిపోయిందని వెళితే స్తంభం కింద మాడిన పక్షి కనిపిస్తుంది. రికార్డులో మాత్రం ‘తాత్కాలిక ఫాల్టు’ అని రాస్తాం. అందుకే ఇవి ఎవరి లెక్కలోకీ రావు.

మధ్య ఇన్సులేటరుకు రెండు వైపులా తీగ మీద తొడుగు వేయించండి. జంపర్లకు (లైన్లను కలిపే చిన్న తీగలు) ఇన్సులేషన్ ఉన్న తీగ వాడమనండి. ట్రాన్స్‌ఫార్మరు బుషింగులకు (తీగలు కలిసే పింగాణీ కొమ్ములు) టోపీలు పెట్టించండి. అది గని సొంత లైను అయితే మీ ఎలక్ట్రీషియనే ఒక షట్‌డౌన్‌లో పూర్తిచేస్తాడు.

---

ఎల్బే_ఒడ్డు | జనవరి 21, మధ్యాహ్నం 2:20

33_కేవీ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను జర్మనీలో ఉంటున్నాను. ఇక్కడ తూర్పు ప్రాంతంలో చేపలు పట్టే కొరమీను గద్దల్లో అధిక శాతం హైటెన్షన్ టవర్ల మీదే గూళ్లు కడతాయి. విద్యుత్ సంస్థలు వాటికోసం టవరు కొసన బుట్టల్లాంటి వేదికలు అమరుస్తాయి. మధ్యస్థ వోల్టేజి స్తంభాల విషయంలో ఇక్కడి ప్రకృతి సంరక్షణ చట్టం 41వ సెక్షన్ సూటిగా ఉంటుంది. కొత్త స్తంభాలు పక్షులకు కరెంటు తగలకుండా కట్టాలి. ప్రమాదకరమైన పాతవాటిని 2012 చివరికల్లా సరిచేయాలని గడువు పెట్టారు. ఉద్యోగుల దయ మీద వదలకుండా చట్టంలో తేదీతో రాయడం వల్లే పని ముందుకు సాగింది. మన డిస్కంలకూ (కరెంటు పంపిణీ సంస్థలు) అలాంటి గడువు ఉండాలని నా గట్టి అభిప్రాయం.

---

మిర్చి_చేను | జనవరి 22, ఉదయం 6:15

రైతును. మా చేలకు రెండు కిలోమీటర్ల అవతల క్వారీలు ఉన్నాయి. చట్టం, లైన్లు అన్నీ సరే. గనిలో పనిచేసేవాళ్లకు మీరేం చెప్పబోతున్నారు? గూబ ఇంటి మీద వాలితే చావు వస్తుందని నమ్మేవాళ్లే ఎక్కువ. గనిలో ఎవరికైనా చిన్న దెబ్బ తగిలితే చాలు, గూబ వల్లే అంటారు. మరునాటికి ఆ అరలోకి రాళ్లు పడతాయి.

వాళ్లకు ఉపన్యాసం ఇవ్వకండి. మీరు విరిచి చూసిన ఉండలు ఉన్నాయే, వాటిని నాలుగు ఏరి భోజనాల దగ్గర కాగితం మీద పరిచి చూపించండి. ఎలుక పుర్రెలు, పందికొక్కు పళ్లు వాళ్లే గుర్తుపడతారు. మీ కూలీల్లో సగం మందికి కౌలు పొలాలు ఉంటాయి. పందికొక్కు గట్టు తవ్వితే ఎంత నష్టమో వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా చేను పక్క గుట్ట మీద ఇలాంటి గూబల జంట ఉన్నన్నాళ్లూ నేను ఎలుకల మందు పెట్టలేదు. మందు తిన్న ఎలుకను గూబ తింటే గూబ కూడా పోతుంది. ఆ సంగతి కూడా చెప్పండి. మీ గని క్యాంటీన్లో, గోడౌన్లో ఆ మందు వాడుతుంటే ముందు అది మాన్పించండి.

---

క్వారీ_మేట్ | ఫిబ్రవరి 4, రాత్రి 8:40

అందరికీ కృతజ్ఞతలు. జరిగినది రాస్తున్నాను.

బెంచి_ఇంజినీరు గారు చెప్పినట్టే ముందు కెమిస్టును కలిశాను. తూర్పు రాయికి దగ్గరి నాణ్యత పడమటి రెండో బెంచిలో ఉందని ఆయన తేల్చారు. ఆ కాగితం, ఉత్తరం రెండూ కలిపి మేనేజరు గారికి ఇచ్చాను. మొదట చిరాకు పడ్డారు. ‘పక్షి కోసం ప్లాను మార్చమంటావా’ అన్నారు. చదివాక మాత్రం పర్యావరణ విభాగం సార్‌ను పిలిపించారు. ఆయనే అటవీ రేంజి కార్యాలయానికి సమాచారం పంపారు. రేంజరు గారు వచ్చి దూరం నుంచి బైనాక్యులర్‌తో చూసి వెళ్లారు. తూర్పు బెంచి పని వాయిదా పడింది. డ్రిల్లు పడమటికి వెళ్లింది. ట్రిప్పులు తగ్గలేదు. దూరం పెరిగినందుకు ట్రిప్పు రేటు కొంచెం పెంచమని డ్రైవర్లు అడిగారు, మేనేజరు ఒప్పుకున్నారు. క్రషర్_శ్రమ గారికి ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను.

పై అంచుకు వెళ్లే దారిలో రాళ్ల కట్ట వేయించాం. ‘గూడు ఉంది’ అని బోర్డు పెడితే లేనిపోని చూపు పడుతుందని ‘వదులు రాళ్లు, ప్రవేశం లేదు’ అని రాయించాం. అది కూడా నిజమే. గోడకు దగ్గర్లో పాత పంపు లైను ఉంది. వాడకంలో లేదు కాబట్టి పూర్తిగా కరెంటు తీసేశారు.

---

క్రషర్_శ్రమ | ఫిబ్రవరి 4, రాత్రి 9:25

ట్రిప్పు రేటు సంగతి చదివి సంతోషం వేసింది. ఇలా చేస్తే మా వాళ్లే కాపలా కాస్తారు.

---

క్వారీ_మేట్ | మార్చి 21, సాయంత్రం 6:30

అత్యవసరం. రెండో షిఫ్టు టిప్పర్ డ్రైవరు ఇప్పుడే ఫోను చేశాడు. రెండు పిల్లలు గోడ దిగి హాల్ రోడ్డు (టిప్పర్లు తిరిగే దారి) పక్కన మట్టి కట్ట మీద కూర్చున్నాయట. ఒళ్లంతా నూగు, ఇంకా ఎగరలేవు. డబ్బాలో పెట్టి ఆఫీసుకు తీసుకురమ్మంటారా అని అడుగుతున్నాడు.

---

గూడు_కాపలా (నిర్వాహకులు) | మార్చి 21, సాయంత్రం 6:37

తీసుకురావద్దు. అవి తప్పిపోలేదు, ఈ వయసులో అలాగే తిరుగుతాయి. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉంటాయి, చీకటి పడ్డాక వచ్చి మేత పెడతాయి. ఆ ముక్కలో బండ్లను ఈ రాత్రికి అవతలి దారికి మళ్లించగలరా? కుదరకపోతే ముందు ఒక మనిషి నడుస్తూ బండ్లను ఒక్కొక్కటిగా దాటించాలి. సరిగ్గా చక్రాల దారిలో కూర్చుంటే మాత్రం మందపాటి గుడ్డతో ఎత్తి కట్ట అవతల, గోడ వైపు దించి వెంటనే వెనక్కి వచ్చేయండి. తల్లి మీదికి రావచ్చు, తలకు హెల్మెట్ తప్పనిసరి. కుక్కలు ఉంటే అటు రానివ్వకండి. రేంజరు గారికి కూడా ఒక మాట చెప్పండి.

---

క్వారీ_మేట్ | మార్చి 22, ఉదయం 7:10

బండ్లను పాత దారికి మళ్లించాం. అక్కడ గుంతలు పూడ్చడానికి డోజరు పట్టుకొచ్చేసరికి గంట పట్టింది, ఆ గంటా పని ఆగింది. ఫోను చేసిన డ్రైవరే రాత్రంతా కట్ట దగ్గర బండి ఆపుకుని కూర్చున్నాడు. పెద్ద పక్షి రెండుసార్లు వచ్చి మేత పెట్టిందని చెప్పాడు. తెల్లవారేసరికి పిల్లలు గోడ పాదం దగ్గరి బండల్లోకి చేరాయి. ఆ దారి మళ్లింపు మే దాకా అలాగే ఉంచుతామని మేనేజరు గారు అన్నారు.

---

బెంచి_ఇంజినీరు | మార్చి 22, ఉదయం 9:00

చాలా సంతోషం. మేట్ గారూ, ఇప్పుడే ఇంకో పని మొదలుపెట్టాలి. ఈ జంట నవంబరులో మళ్లీ ఆ గోడకే వస్తుందని అనుకోండి. ఏటా ఉత్తరాలు రాస్తూ కూర్చోలేం. వచ్చే ఏడాది తవ్వకం ప్రణాళిక ఎప్పుడు చర్చకు వస్తుంది?

---

క్వారీ_మేట్ | మార్చి 22, రాత్రి 9:15

మేలో సమావేశం ఉందట. ఆ గోడలో మిగిలిన రాయి అంత ఎక్కువ కాదని సర్వేయరు అంటున్నారు. ఆ భాగాన్ని తవ్వకుండా వదిలేయవచ్చా అని అడగాలని ఉంది. ఎలా రాయాలో తెలియడం లేదు.

---

బెంచి_ఇంజినీరు | మార్చి 22, రాత్రి 10:02

వదిలేయవచ్చు. గని మూసివేత ప్రణాళికలో ఎక్కడో ఒకచోట తుది వాలు (ఇక తవ్వకుండా శాశ్వతంగా వదిలే గోడ) చూపించాల్సిందే. ఆ గోడ పొడవును తుది వాలుగా ప్రతిపాదించండి. గోడ నిలుస్తుందా లేదా అన్న భద్రతా పరీక్ష తప్పనిసరి, అది లేకుండా ఎవరూ సంతకం పెట్టరు. రాయి ఎన్ని టన్నులు వదులుకుంటున్నామో సర్వేయరు లెక్క జత చేయండి. నవంబరు నుంచి మే వరకు పై అంచు మీద పని ఉండదని విడిగా ఒక వాక్యం రాసి, పని పట్టికలో కూడా ఎక్కించమనండి. ముసాయిదా రాసి నాకు విడిగా పంపండి, మ్యాపు మాత్రం ఇక్కడ పెట్టవద్దు. సెక్షన్_తొమ్మిది గారు కూడా ఒకసారి చూస్తే బాగుంటుంది.

---

సెక్షన్_తొమ్మిది | మార్చి 23, ఉదయం 6:40

తప్పకుండా చూస్తాను. రేంజరు గారు వచ్చి వెళ్లిన తేదీ, ఆయన ఏమైనా రాసి ఇచ్చి ఉంటే దాని ప్రతి కూడా పంపండి.